నత్త కొన్న బండి

ఇనుపకడ్డీ ఒక కొసని పైపు మీద ఆనించి, రెండో కొసకి చెవి అప్పగించి, నత్త ఊపిరి బిగబట్టాడు. లోపల నీళ్ళు నడుస్తున్నాయి. నడిచే నీళ్ళు గొణుగుతాయి, పారిపోయే నీళ్ళు ఈల వేస్తాయి. ఇక్కడ గొణుగుడే. కడ్డీ భుజాన వేసుకుని తర్వాతి అతుకు వైపు కదిలాడు.

కొండ మీది జలాశయం నుంచి పట్నానికి నీళ్ళు దింపే ఆ పైపు మనిషి నడుమెత్తు ఉంటుంది. రాళ్ళ మధ్యనుంచీ, ముళ్ళపొదల మధ్యనుంచీ వంకర్లు తిరుగుతూ దిగుతుంది. దాని పక్కనున్న బాట ఎవరూ కొలతలు వేసి పరిచింది కాదు. ఇద్దరు మనుషులు ఏళ్ళ తరబడి తొక్కగా పడింది. పైసగం తోటిపనివాడు పొడుగాయనది, కిందసగం ఇతనిది. మధ్యలో వాల్వు గది. దాన్ని ఆనుకుని పొడుగాయన ఒంటరిగా ఉండే చిన్న గది. మధ్యాహ్నం ఇద్దరూ ఆ గది అరుగు మీద కూర్చుని అన్నం తింటారు.

అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గాని, జీతమిచ్చే రోజున తప్ప అది వాడుకలో లేదు. నత్త అన్నది పొడుగాయన పెట్టిన పేరు. "మా నత్తబావ పొద్దున బయల్దేరాడంటే చాలు, సాయంత్రానికల్లా సాయంత్రమైపోతుంది" అనేవాడు. నిజంగా బావా కాదు, బామ్మర్దీ కాదు. ఆ అరుగే వాళ్ళ చుట్టరికం.

పోయినవారం కొత్త కాంట్రాక్టరు తరఫు మనిషి వచ్చి, అరుగు దగ్గర నిలబడే సంగతి చెప్పేశాడు. ఇకమీదట లైను మొత్తానికీ ఒక్కడు చాలు. కాకపోతే ఆ ఒక్కడికీ ఈ రాళ్ళబాట ఎక్కగలిగే సొంత బండి ఉండాలి. సోమవారం పొద్దున బండితో వచ్చినవాడికి పని. రెండోవాడికి సెలవు. ఇద్దరూ ఉంటున్నవి కంపెనీ గదులే, పొడుగాయనది ఇక్కడ, నత్తది కొండ కింద. పని దొరికినవాడి గది ఉంటుంది, రెండోవాడు తనది ఖాళీ చెయ్యాలి. అంతా చెప్పి, దాహంగా ఉంది, కాసిని నీళ్ళిస్తారా అన్నాడు. పొడుగాయనే లేచి తెచ్చిచ్చాడు.

ఆ రోజునుంచి ఇద్దరూ లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకున్నారు, ఆ ఒక్కటి తప్ప. ఎండ గురించి, మోకాళ్ళ గురించి, వాల్వు గది కప్పు మీద కాపురం పెట్టిన కోతి గురించి. మాటలు అయిపోతే పొడుగాయన దగ్గేవాడు. ఆ దగ్గు చలికాలంలో వచ్చింది, ఎండాకాలం వచ్చినా పోలేదు. ఇతను పైపు వైపు చూస్తూ కూర్చునేవాడు.

అలాంటి బండి ఊరు మొత్తం మీద ఒక్కటే అమ్మకానికి ఉంది. పెట్రోలు బంకు గోడ మీద అట్టముక్క కట్టి ఉంది: కొండలెక్కే టూ స్ట్రోక్ బండి, వాడినది, వెల్డింగు షాపులో చూడవచ్చు. అది కంటపడగానే నత్త ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కకి తిరిగాడు, దొంగసొత్తు కనబడినవాడిలా. ఆ బంకు ముందునుంచి పొడుగాయన కూడా వెళ్తాడు. ఆయనకీ కళ్ళున్నాయి.

ఆ పొద్దున పొడుగాయనకి ఫోను చేసి, పన్ను పోటు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, నా సగంలో మిగిలింది కాస్త చూడు బావా అన్నాడు. ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చూస్తాలే, వెళ్ళిరా అన్నాడు. ఇన్నేళ్ళలో లైను సగంలో వదిలి కొండ దిగడం నత్తకి అదే మొదలు. దిగుతుంటే పైపు వెనకనుంచి పిలుస్తున్నట్టే ఉంది.

ఇంట్లో కిటికీ కింద కుట్టుమిషను ఉండే చోటు ఖాళీగా ఉంది. నేల మీద దాని కాళ్ళు నొక్కిన గుంటలు మాత్రం మిగిలాయి. భార్య ఊడ్చేటప్పుడు ఇప్పటికీ చీపురు ఆ చోటు చుట్టూ తిప్పుతోంది, మిషను ఇంకా అక్కడే ఉన్నట్టు. దాన్ని అమ్మేయమన్నది ఆవిడే. ఈ గది పోతే మళ్ళీ మా అన్న ఇంటి వరండాలోకా, ఆ వదిన చేతి అన్నం తినేకంటే నూతిలో దూకడం మేలు అంది. మిషను తీసుకెళ్ళినప్పుడు వంటింట్లోనే ఉండిపోయింది.

డబ్బు గుడ్డలో చుట్టి అతని చొక్కా లోపలి జేబులో పెట్టి, పిన్నీసు గుచ్చింది.

"బేరం చెయ్యడం నీకు చేతకాదు. నోరు మూసుకుని నిలబడు. నువ్వు మాట్లాడితే వాళ్ళు చెప్పిన దానికంటే ఎక్కువిచ్చి వస్తావు," అంది.

నవ్వించడానికే అంది. పిన్నీసు ఊడదు కదా అని రెండుసార్లు లాగి చూసింది.

వెల్డింగు షాపు లారీలు ఆగే వీధి చివర ఉంది. వాకిలంతా ఇనుప తుక్కు. షాపతను వెడల్పాటి మనిషి, కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. ఒకప్పుడు బురద పందేల్లో గెలిచిన కప్పులు రెండు బల్ల మీద ఉన్నాయి. వాటిలో ఇప్పుడు వెల్డింగు పుల్లలు నిలబెట్టి ఉంచుతున్నాడు. ఈ చేత్తో ఇక బండి నడపలేను, పడుండి తుప్పు పట్టేకంటే ఎవరికైనా పనికొస్తే మంచిది అన్నాడు.

రేకుల కింద బండి నిలబడి ఉంది. సన్నగా, ఎత్తుగా, ఎముకలు బయటపడ్డ గుర్రంలా. బొడిపెల టైర్లు అరిగినా ఇంకా పట్టు ఉంది. ముందు షాకుల దగ్గర నూనె కారి దుమ్ము అంటుకుంది. కడుపు కింద ఉబ్బిన సైలెన్సరు గొట్టానికి ఒకచోట సొట్ట. సీటు చిరిగితే ఎవరో లావుదారంతో కుట్టారు. నత్త చుట్టూ తిరిగి చూశాడు. ఏం చూడాలో తెలియదు గనక అన్నీ చూశాడు. భార్య చెప్పినట్టు నోరు మాత్రం తెరవలేదు.

షాపతను పెట్రోల్లో కొలిచి నూనె కలిపి ట్యాంకులో పోసి, కిక్కు కొట్టాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి బండి గోలగోలగా లేచింది. నీలంపొగ రేకుల కిందంతా కమ్మింది. ఆ కాలిన నూనె వాసన తగలగానే నత్తకి పడుచుతనం ముక్కులోకి వచ్చినట్టయింది. పెళ్ళికి ముందు ఒక్క ఏడాది అతను ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. వెనక ఐసుదిమ్మ కట్టిన టూ స్ట్రోక్ బండి మీద, కరిగేలోపు చేర్చాలని ఊరంతా గాలిలా తిరిగేవాడు. అతను తొందరగా బతికింది ఆ ఒక్క ఏడాదే. తర్వాత మామగారు, ఐసు కరిగినట్టే జీతమూ కరిగిపోతుందయ్యా, నిలకడైన పని చూసుకో అని ఈ లైన్లో వేయించారు. నిలకడే దొరికింది. పాతికేళ్ళకి పైగా దొరికింది.

ఇంజను ఆపాక షాపతను ధర చెప్పాడు. ఫోనులో చెప్పినదానికంటే బాగా తక్కువ. నత్తకి అనుమానం వచ్చింది. అడగకుండా తగ్గించాడంటే లోపల ఏదో చచ్చే ఉంటుంది. భార్య మాట మరిచిపోయి, ఎందుకు తగ్గించారండీ అనేశాడు.

షాపతను బల్ల మీద కూర్చున్నాడు. నిన్న సాయంత్రం ఒకాయన వచ్చాడనీ, బాగా పొడుగనీ, దగ్గుతున్నాడనీ చెప్పాడు. వచ్చినాయన గొంతుక్కూర్చుని ఇంజను పక్క మూత విప్పి, లోపల తిరిగే మాగ్నెట్టు చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూశాడట. లోపల బేరింగు అరిగిపోయింది, ఇలాగే కొండెక్కితే నెల తిరక్కుండా ఇంజను పట్టేస్తుంది అన్నాడట. బేరింగు ఖర్చు తీసేసి న్యాయమైన ధర ఇంత అని తనే కట్టాడట. షాపతనికీ అది సబబే అనిపించింది.

"మరి ఆయన తీసుకోలేదా?" అన్నాడు నత్త.

"డబ్బు తెచ్చుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, రేపో మాపో మావాడొకడు వస్తాడు, పొట్టిగా ఉంటాడు, ఏమీ అడక్కుండా చెప్పినంతా ఇచ్చేస్తాడు, అతనికి ఇదే ధరకివ్వండి, బేరింగు సంగతి మీరే ముందుగా చెప్పండి అన్నాడు."

నత్త రేకుల కిందనుంచి బయటికి వచ్చి, ఎండలో నిలబడ్డాడు. ఇప్పుడు వెనక్కి పోవచ్చు. కొండెక్కి, అరుగు మీద కూర్చుని, బండి నువ్వే తీసుకో బావా అని చెప్పొచ్చు. ఆ దారి మీద నాలుగడుగులు మనసులోనే వేశాడు. అక్కడ కిటికీ కింద ఖాళీ చోటు ఎదురొచ్చింది. జేబుకున్న పిన్నీసు తియ్యబోతే బొటనవేలికి గుచ్చుకుంది. గుడ్డ మూట మీద చిన్న ఎర్రచుక్క పడింది. లోపలికి వెళ్ళి, అలాగే షాపతని చేతికిచ్చేశాడు.

బండి అతని కాళ్ళకి ఎత్తు. ఒక కాలి వేళ్ళు మాత్రమే నేలకి అందాయి. వీధి దాటేలోపు రెండుసార్లు ఆగిపోయింది. క్లచ్చి మరిచిపోయిన చెయ్యి మెల్లగా గుర్తు తెచ్చుకుంది. ఊరి చివర చదునైన రోడ్డు మీదికి వచ్చేసరికి కాస్త గాలి కూడా తగిలింది. ఆ గాలి హాయిగా ఉందని తెలిసి అతనికి సిగ్గేసింది.

బస్సుల రోడ్డు మీద, ఎండలో, ఒక రేకుపెట్టె భుజాన పెట్టుకుని పొడుగాయన నడుస్తున్నాడు. ఆ నడక దూరంనుంచే తెలుస్తుంది. మెడ ముందుకు చాచి, కొంగలా.

నత్త పక్కన ఆపబోతే బండి ఆగకుండా ముందుకి పోయింది. మళ్ళీ తోసుకుంటూ వెనక్కి వచ్చాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు, ఇద్దరూ బండినే చూశారు.

"ఎక్కడికి?" అన్నాడు నత్త.

అక్క కొడుకు కంకర మిల్లులో ఉన్నాడనీ, అక్కడేదో పని దొరుకుతుందన్నాడనీ పొడుగాయన చెప్పాడు. కంకర మిల్లు అంటే రాతిదుమ్ము. ఆ దగ్గుతో ఆ దుమ్ములోకి. నత్తకి తెలుసు, ఆయనకీ తెలుసు.

"సోమవారం దాకా అయినా ఉండొచ్చుగా."

"దేనికి? నువ్వు బండి మీద వస్తుంటే చప్పట్లు కొట్టడానికా?"

నత్త తల వంచుకున్నాడు. "నీకు పన్ను పోటని అబద్ధం చెప్పాను."

"తెలుసు. నిన్న మధ్యాహ్నం జామకాయ పటపట కొరికి తిన్నవాడికి ఇవాళ పొద్దునకి పన్ను పోటు!"

"నువ్వే కొనాల్సింది బావా."

"కొందామనే వెళ్ళాను. ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు వచ్చి హ్యాండిలుకి తగిలాయి." పెట్టె ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "మా చెల్లెమ్మ మిషను అమ్మేసిందని బంకు దగ్గర అన్నారు. ఆ ముక్క వినకుండా ఉంటే కొనేసేవాణ్ణి. నీకు చెప్పేవాణ్ణి కూడా కాదు."

ఉండిపో బావా అన్న మాట నత్త నాలుక చివరిదాకా వచ్చింది. బండి తీసుకో, నేను పోతాను అన్నది దాని వెనకే వచ్చింది. అంటే చాలు. అతని వేళ్ళు హ్యాండిలు మీద బిగుసుకున్నాయి. ఆ బిగుసుకోవడం పొడుగాయన చూశాడు. చూడనట్టు రోడ్డు వైపు తిరిగాడు.

"ఎక్కు, బస్సు దగ్గర దింపుతాను," అన్నాడు నత్త. అతను అనగలిగింది అంతే.

వెనక ఇంకొకరికి చోటున్న బండి కాదది. పొడుగాయన చివర్న అరచెయ్యంత సీటు మీద కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు రెండు వైపులా చాపి గాల్లో ఉంచాడు. బండి తాగినవాడిలా ఊగుతూ పోయింది. ఎదురొచ్చినవాళ్ళు నవ్వారు. దారి పొడుగునా ఆయన గడ్డం నత్త భుజానికి తగులుతూనే ఉంది. మధ్యలో దగ్గొచ్చినప్పుడు ఇద్దరూ కదిలారు.

"బేరింగు మార్చేదాకా కొండెక్కించకు. నూనె కలపడం మాత్రం ఎన్నడూ మరవకు," అన్నాడాయన చెవి దగ్గర.

బస్సు వచ్చే ఉంది. పెట్టె పైకెక్కించారు. పొడుగాయన తలవంచి లోపలికి వెళ్ళి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఇవతలి వైపు చోటుంది. బస్సు కదిలింది. నత్తకి ఆయన వెనకతల మాత్రం కనిపించింది, అదీ కాసేపే.

కొండ కిందకి వచ్చి, బండిని గోడవార నిలబెట్టి, నత్త నడిచే ఎక్కాడు. తన సగం మొత్తం ఎవరో చూసి వెళ్ళారు. కారుతున్న అతుకు కనబడితే గుడ్డపీలిక కట్టడం వాళ్ళ పద్ధతి. ఒకచోట కొత్త పీలిక కట్టి ఉంది, కింద నేల ఇంకా తడిగా ఉంది. ముడి పొడుగాయనది. వెళ్ళిపోయే రోజున కూడా ఆయన చెయ్యి ముడి ఒదులుగా వెయ్యలేదు. నత్త అక్కడ కూర్చుండిపోయాడు. గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, లేవగలిగేదాకా అలాగే ఉన్నాడు.

వాల్వు గది పక్క గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఊడ్చి శుభ్రంగా ఉంది. మంచం లేపి గోడకి ఆనించి ఉంది. వాలుపొద్దు ఎండ కిటికీలోంచి నేల మీద పడింది. మూల ఒక జత నడకబూట్లు ఉన్నాయి. కిందటేడు కంపెనీ ఇచ్చినవి. ముందు పాతవి అరగనీ అని పొడుగాయన ఒక్కసారైనా తొడగకుండా దాచుకున్నవి, నత్త పాదాలకి మరీ పెద్దవి. లేసులు ఇంకా ఎక్కించనైనా లేదు, వేళ్ళ దగ్గర కుక్కిన కాగితాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.