పన్నెండు మాటల కాపలా

రాట్నం తిప్పుతూ అమ్మ మగ్గానికి దారం కండెలు చుడుతుంటే వీరేషన్న ఫోను పట్టుకుని లోపలికి వచ్చి, "ఎవురితో సెప్పినావే?" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఈ ఇంట్లో నేను ఎవరితోనైనా ఏదైనా చెప్పిందెప్పుడు?

"వాలెట్లో క్రిప్టో పోయింది. ఆ పన్నెండు మాటలు నీకు దప్ప ఇంకెవురికీ తెల్దు."

అమ్మ నేసిన చీరల కూలి అన్న ఖాతాలోనే పడుతుంది. నన్ను ఆదోనిలో కాలేజీకి పంపాలని అందులో కొంత దాచమంది అమ్మ. అన్న దాన్ని క్రిప్టోగా, అంటే ఫోన్లో మాత్రమే ఉండే నాణేలుగా, మార్చాడు. ఫోను పోయినా సరే, ఆ పన్నెండు ఇంగ్లీషు మాటలు చెబితే ఆ నాణేలుండే వాలెట్ తెరుచుకుంటుందట. కాగితం మీద రాస్తే ఎవరైనా చూస్తారని నా చేత బట్టీ పట్టించాడు. "నువ్వు బీరువా లెక్క. ఎట్లాగూ ఎవురితో మాట్లాడవు గదా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు.

"ఆడపిల్లకు అంత పని అప్పజెప్పినావు సూడు, నిన్ను అనల్ల" అన్నాడు నాయన మంచం మీద నుంచి. అమ్మ మగ్గం ఆగింది.

నిజంగానే ఎవరైనా విన్నారా? గిన్నెలు తోముతూ, నీళ్లు మోస్తూ, మరిచిపోకూడదని ఆ మాటలే గొణుక్కుంటుంటాను. పక్కింటి రామక్క చెవిన పడ్డాయా? ఆమెకు ఇంగ్లీషు రాదే. నిద్రలో పలికానా? నాయన గొంతు పెంచితే చేయని తప్పు కూడా చేసినట్టే అనిపిస్తుంది నాకు. భయంగానే ఫోను అందుకుని చూశాను. వాలెట్లో రెండు రకాల నాణేలుండాలి. ఒక రకమే పోయింది. రెండోది అట్లాగే ఉంది. మాటలు తెలిసినవాడు సగం వదిలి ఎందుకు పోతాడు? ఇంకా వెతికితే, అన్న నిన్న ఏదో సైటుకిచ్చిన అనుమతి కనబడింది. పోయిన రకం నాణేలను ఎన్నైనా తీసుకోవచ్చని.

"ఇదేందన్నా?"

"నాణేలు ఊరికే ఇస్తామంటే నొక్కినా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

అంతలో ఫోను మోగింది. "వాలెట్ కంపెనీ మనిషి. పోయిందని గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ సూసి చేస్తాండాడు. పోయిందంతా తెప్పిస్తాడంట" అని అన్న ఫోను నా నోటి దగ్గర పెట్టాడు. "పన్నెండూ సెప్పు."

"చెప్పమ్మా, తొందరగా" అంది ఆ కొత్త గొంతు.

చెప్పానని తిట్టినవాళ్లే ఇప్పుడు చెప్పమంటున్నారు. వాలెట్ తెరిచిన రోజు అన్న చదవకుండా నొక్కేసిన పేజీ ఒకటుంది. కంపెనీవాళ్లమని అడిగినా ఈ మాటలు చెప్పొద్దని అందులో రాసి ఉంది. ఇతను ఇంతగా అడుగుతున్నాడంటే, ఆ మాటలు ఇంకా ఇతని చేతికి రాలేదన్నమాట.

ఎర్ర గుర్తు నొక్కేశాను.

"నోరు పడిపోయిందేమే?" అని అరిచాడు నాయన.

ఆ సైటుకిచ్చిన అనుమతి రద్దు చేశాను. అన్న మళ్లీ ఏం నొక్కుతాడోనని, అమ్మ ఫోన్లో కొత్త వాలెట్ తెరిచి, మిగిలినదంతా అందులోకి పంపాను. చేసింది సరో కాదో తెలియలేదు. "పోయింది ఇంగ రాదన్నా" అంటే అన్న ఫోను లాక్కుని చూసుకున్నాడు.

"సరే, కొత్త మాటలు గూడా నేర్చుకో. అడిగినప్పుడు నాకు సెప్దువు" అన్నాడు.

"నీకు సెప్పనన్నా. ఏం గావల్లన్నా అమ్మనడుగు. అది అమ్మ కూలి."