గాడిలో పట్టని మోత

రాక రాక వచ్చిన తొలి రాక్ ఆల్బం, అదీ గొంతు పోగొట్టుకుని వచ్చింది.

రికార్డుల ఫ్యాక్టరీలో, గోడలకు స్పాంజి అతికించిన గదిలో, నమూనా రికార్డు తిరుగుతోంది. దాంతోపాటు పిడుగుకి కళ్లు తిరుగుతున్నాయి. పిడుగంటే ఆ ఆల్బం చేసిన బ్యాండులో డ్రమ్మరు. అతను వాయిస్తే పక్కవీధి కిటికీలు కూడా తాళం వేస్తాయని పేరు. అలాంటివాడి దెబ్బలు స్పీకర్లలోంచి ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నట్టు వినబడుతున్నాయి.

"ఇది నేను కొట్టిందా, నన్ను కొట్టిందా?" అన్నాడు.

పక్కనే బావ. అక్క మొగుడు, పాటగాడు, బ్యాండులో మిగిలిన రెండో మనిషి. ఆల్బం సగంలో ఉండగా కీబోర్డు కొన్నాడు. ఆ రోజు నుంచి గోల మానేసి గాలి పాటలు పట్టుకున్నాడు. అందుకే రికార్డుకి మొదటి వైపు పాత మోత, రెండో వైపు కొత్త మెత్తదనం అని ఒప్పందం. కొత్తది నచ్చకపోయినా, మొదటి వైపు తనదేనని పిడుగు ధైర్యం.

"బానే ఉందిగా," అన్నాడు బావ, పైకప్పు చూస్తూ.

రికార్డు మీద పాట గాడి చెక్కే ఇంజనీరమ్మ సూది ఎత్తింది. "మోత పెద్దదైతే గాడి ఊగడానికి చోటు కావాలండీ. మొదటి వైపు ఇంకో పొడుగు పాట చేర్చమన్నారుగా. ఇరుకైపోయి అన్నిటికీ సౌండు తగ్గించాల్సొచ్చింది."

"ఎవరు చేర్చమన్నారు?"

"అదేరా, నా కీబోర్డు పాట," బావ నసిగాడు. "రెండో వైపు పట్టలేదు. నీకు చెబితే అరుస్తావని..."

"ఇప్పుడేం చేస్తున్నాను, జోల పాడుతున్నానా!"

"వినేవాళ్లు వాల్యూం పెంచుకుంటార్లేరా."

"పెంచితే గరగర కూడా పెరుగుతుంది బావా! రికార్డు వేస్తున్నామా, పల్లీలు వేయిస్తున్నామా?"

బ్యాండులో ఇద్దరూ సరే అనేదాకా అక్కడ రికార్డులు అచ్చేసే యంత్రం కదలదు. ఒక పొడుగు పాట తీసేస్తే మళ్లీ చెక్కుతానంది ఇంజనీరమ్మ. ఆ వైపు పొడుగైనవి రెండే. ఒకటి బావ కీబోర్డు పాట. రెండోది పిడుగు ఒక్కడే వాయించిన డ్రమ్ముల పాట. దానికోసం అతని అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్లీ ఎక్కాయి.

"నాది తీసే ప్రసక్తే లేదు," అన్నాడు బావ. "కొత్త బాణీ మొదలయ్యేదే దానితో."

పిడుగు పళ్లు నూరాడు. ఆ నూరుడులోనూ లయ తప్పలేదు.

"అయితే నాది తీసేయండి."

బావ మొహం వెలిగింది. "ఎంత మంచి మనసురా నీది!"

"మనసు కాదు, మంట! మిగతా మోత పాటలన్నిట్లోనూ నా దెబ్బలున్నాయి. మేడం, మిగిలిన చోటంతా వాటికివ్వండి. మీ సూది తట్టుకున్నంత గట్టిగా చెక్కండి. వాటి వెనకాలే ఈయన గాలి పాట పెట్టండి. దాన్ని మాత్రం రవ్వంత కూడా పెంచొద్దు."

"ఆ మోత తర్వాత నాది వినబడి చస్తుందా!"

"ఇది కాదంటే నేను సరే అనను. రికార్డే ఉండదు."

ఇంజనీరమ్మ ఇద్దరినీ చూసింది. "సరేనా అండీ?"

బావ గొంతులోంచి ఏదో జారింది. సరే లాగే ఉంది.

పిడుగు అప్పటికే తలుపు దగ్గరున్నాడు. "గట్టిగా చెప్పు బావా," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఇక్కడికి వినబడలేదు."