నాలుగు నుంచి ఎనిమిది దాకా

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ, "ఇవాళ మంత్రిగారి మీటింగుకి నేను రాసిన నోటు కూడా వెళ్తోందండీ" అన్నది ఆమె. ఆయన అద్దంలోంచి చూపు తిప్పకుండానే, "నువ్వు రాస్తే మంత్రి చదువుతాడా! కాలరు దగ్గర ముడత ఉంది చూడు" అన్నాడు. ఆమె ముడత చూసింది.

ఆరోగ్యశాఖ ప్రధాన కార్యాలయంలో ఆమె గుమాస్తా. ఏ కాగితమైనా రెండుసార్లు చదవందే కదిలించదని తోటివాళ్ళు 'నెమ్మదమ్మ' అని పేరు పెట్టారు. రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చే ఫిర్యాదు ఉత్తరాలకి నంబరు వేసి పైకి పంపడం ఆమె పని. ఉత్తరాలు పైకి పోయేవి గానీ, మాటలు ఆమెతోనే ఇంటికొచ్చేవి. అంట్లు తోముతున్నా, పిల్లల బట్టలు మడతపెడుతున్నా చెవిలో రొద పెట్టేవి. 'జబ్బు ముదిరాక వచ్చావేంటని డాక్టరు కేకలేశాడు, పొద్దున తొమ్మిదింటికి ఇల్లు వదిలి ఎట్లా రావాలో మాత్రం చెప్పలేదు' అని ఒక ఇల్లాలు రాసింది. అదే మాట వేరే చేతిరాతతో ఇంకొకామె, అక్షరదోషాలతో మరొకామె. ఆరోగ్య కేంద్రాల్లో రోగుల్ని చూసేది తొమ్మిది నుంచి పన్నెండు. ఆ మూడు గంటలూ ఏ ఆడదానికి ఖాళీ? పనికెళ్ళేది పనిలో ఉంటుంది, ఇంట్లో ఉండేది అంతకంటే పనిలో ఉంటుంది. ఈ సంగతి నిజంగా ఎవరికీ తట్టలేదా, లేక తట్టాల్సినవాళ్ళకి ఎవరో చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తున్నారా?

అందుకే రెండు పేజీలు రాసింది. మొదటి ఏడాది ఇరవై కేంద్రాల్లో వేళలు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదికి మార్చాలి. ఏం తేలిందో చూసి రెండో ఏడు ఇంకో అడుగు, మూడో ఏడు మరోటి. పై అధికారి చదివి నవ్వాడు. "రాష్ట్రాన్నంతా ఒక్క దెబ్బతో మార్చేద్దామని నేను నాలుగు వందల పేజీలు రాస్తుంటే, నువ్వు గడియారం ముల్లు తిప్పుతానంటావేంటమ్మా!" అంటూనే, అడ్డేముందిలే అని తన పుస్తకం చివర కలిపి కుట్టించాడు.

మీటింగులో ఆమె ఫైళ్ళు పట్టుకుని గోడవార నిలబడింది. మంత్రిగారు ఆ లావుపాటి పుస్తకం తిరగేసి, "ఇదంతా అయ్యేసరికి నేనూ ఉండను, మీరూ ఉండరు. ఈ ఏడాది ఏం చెయ్యగలమో చెప్పండి" అన్నారు. అధికారులు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పసాగారు.

"ఇరవై చోట్ల వేళలు మార్చగలమండీ" అని ఒక గొంతు వినిపించింది. అది తనదేనని ఆమెకి క్షణం ఆలస్యంగా తెలిసింది.

"మారిస్తే ఏమొస్తుందమ్మా?"

"ఆడవాళ్ళొస్తారండీ."

మంత్రిగారు కలం కింద పెట్టారు. "కూర్చుని చెప్పండి" అన్నారు. కుర్చీ లేదు. కాసేపు తటపటాయించి, పై అధికారే లేచి తన కుర్చీ ఇచ్చాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది, అధికారి పేరు మీద. ఆయన ఫోటో పేపర్లో చూసి భర్త, "పనిమంతుడంటే ఇట్లా ఉండాలి. మీ ఆఫీసులో ఒక్కడైనా ఉన్నాడు" అని మెచ్చుకున్నాడు. ఆమె పిల్లాడి లెక్కల పుస్తకానికి అట్ట వేసింది.

కొత్త వేళలు మొదలైన పదకొండో రోజున, ఆఫీసు నుంచి వస్తూ తమ పేటలో ఉన్న కేంద్రం దగ్గర బస్సు దిగింది. మలుపు తిరగగానే కాళ్ళు ఆగిపోయాయి. గేటు దాటి, ప్రహరీ గోడ దాటి, పక్కవీధిలోకి సాగింది వరస. ఫ్యాక్టరీ బ్యాడ్జీ ఇంకా తీయనివాళ్ళు, సబ్బునీళ్ళకి వేళ్ళు ముడుచుకుపోయినవాళ్ళు, చంకలో పిల్లతో ఒకామె, గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ. ఇంతమంది ఇన్నేళ్ళూ ఎక్కడున్నారు? ఇళ్ళలోనే ఉన్నారు. రెండు కాగితాలు, ఒక వాక్యం. దానికి ఇన్ని తలుపులు తెరుచుకున్నాయి. ఆమెకి ఒళ్ళు జలదరించింది. పెద్ద సముద్రం ఒడ్డున నడుస్తున్నట్టు, వరస పక్కనే గేటు లోపలిదాకా నడిచింది.

అప్పుడు కనిపించింది, వరండా బెంచీ చివర టోకెను గుప్పిట్లో పట్టుకుని కూర్చున్న అత్తగారు.

"అత్తయ్యా! ఏమైందండీ?"

ముసలామె ఉలిక్కిపడింది. "ఇంట్లో చెప్పకు. గర్భసంచి జారిందే."

"ఎప్పుడు?"

"మీ ఆయన పుట్టినప్పుడు."

నలభై ఆరేళ్ళు. కోడలు జ్వరంతో పడుకుంటే, "మాకు రాలేదా జ్వరాలు, మంచమెక్కామా?" అన్న మనిషి ఈవిడే. అది కసిరింపనుకుంది ఇన్నాళ్ళూ. తన ఒంటి సంగతే చెప్పిందేమో, పాపం, ఆ ఒక్కరకంగానే చెప్పడం వచ్చేమో.

"పొద్దున పూట ఊపిరి సలుపుతుందా మనకి?" అంది అత్తగారు. "ఈ వేళలు పెట్టిన పుణ్యాత్ముడెవడో, వాడి కడుపు చల్లగుండ."

"నేనేనండీ, అత్తయ్యా. ఏడాదికొక అడుగని కాగితం రాశాను."

అత్తగారు, అప్పుడే కాపురానికొచ్చిన పిల్లని చూసినట్టు, ఆమెని పాదాల నుంచి తలదాకా చూసింది. తర్వాత వరస వైపు చూసింది. "ఇదంతా నువ్వా?" అని గొణిగింది. "వచ్చే ఏడుకి ఏం రాశావు?" అనడిగింది.

"మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలని."

"మందులు తర్వాత. లోపల డాక్టరు చూసేచోట తెర లేదే. మొన్న వచ్చాను, తలుపు బార్లా తీసుంది, సిగ్గేసి వెనక్కి పోయాను. నాలాగా ఎంతమంది పోయారో మీ కాగితాలకి ఎట్లా తెలుస్తుంది? పోయినవాళ్ళు టోకెను తీసుకోరుగా."

ఇరవై రెండేళ్ళుగా ఒకే వంటింట్లో తిరిగిన మనిషిని ఆమె నోరు తెరుచుకుని చూసింది. నాలుగు వందల పేజీల్లో ఈ మాట ఎక్కడా లేదు.

ఫోను మోగింది. భర్త. అత్తగారు చెయ్యి చాచి, మోగుతున్న ఫోను లాక్కుని బెంచీ మీద బోర్లా పెట్టింది.

"వాడికి ఆకలైతే వంటిల్లు ఎక్కడుందో తెలుస్తుందిలే. నువ్వు ముందు తెర రాయి. కింద ఈసారి నీ పేరు పెట్టు."