నలభై ఎనిమిది సంభాషణలు

దసరా సెలవులు ముగిసి కాలేజీ తెరిచిన సోమవారంనాడు పద్మప్రియ తన భర్త గొంతును పోగొట్టుకుంది. భర్తను పోగొట్టుకున్నది అంతకు పద్నాలుగు నెలల ముందు.

నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె ఫ్రెంచి చెబుతుంది. అక్కడి కంప్యూటర్ గదిలో, కిటికీ పక్కన మూడో కంప్యూటర్లో, నలభై ఎనిమిది సంభాషణలు ఉండేవి. నాలుగు దశలు, దశకు పన్నెండు. అన్నింటిలోనూ రెండే గొంతులు. ఒకటి ఆమెది, రెండోది యదునందన్‌ది. పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాటిని వినేవారు. ఆ సోమవారం ఆమె వెళ్ళి చూసేసరికి కంప్యూటర్ కడిగిన పలకలా ఉంది.

ఆ గది చూసుకునే దేవరాజు ఎంతో సంతోషంగా చెప్పాడు.

"వైరస్ పట్టింది మేడమ్. సెలవుల్లో కూచుని అన్నీ తుడిచి మళ్ళా కొత్తగా ఎక్కిచ్చినా. ఇప్పుడు చూడండి, ఎంత బేగ తెరుచుకుంటాండాయో."

ఆమె ఫ్రెంచి పాఠాల సంగతి అడిగింది. అతను కాసేపు తల గోక్కున్నాడు.

"అవి పాఠాలే కదా మేడమ్. మీరే మళ్ళా చదివి ఎక్కిస్తే పాయె."

చదవవలసిన రెండో మనిషి లేడని దేవరాజుకు తెలియక కాదు. పదకొండో రోజున ఇంటికి వచ్చి వడ్డన కూడా చేసిన మనిషి. ఆ సంగతీ ఈ సంగతీ అతని బుర్రలో ఒకచోట కలవలేదు, అంతే. పద్మప్రియ కుర్చీ వెనక్కి నెట్టి క్లాసుకు వెళ్ళిపోయింది. అనడం మొదలుపెడితే ఎక్కడ ఆపుకోవాలో ఆమెకు తెలియదు.

తప్పు దేవరాజు ఒక్కడిదే కాదు. యదునందన్ ఫోనును పోయిన ఉగాదికి ఆమె చేతులారా తీసుకెళ్ళి దుకాణంలో మార్పిడికి ఇచ్చేసింది. పాఠాలు కాలేజీలో ఉన్నాయిలే అనుకుంది. పెళ్ళి వీడియోలో మాటలన్నింటి మీదా సన్నాయి పెట్టేశారు. ఆ నలభై ఎనిమిదింటిలో తప్ప అతను మాట్లాడింది ఇంకెక్కడా లేదు.

యదునందన్ అహోబిలంలో పుట్టాడు. పుదుచ్చేరిలో ఒక అచ్చాఫీసులో తొమ్మిదేళ్ళు ప్రూఫులు దిద్ది, అక్కడ పట్టుబడ్డ ఫ్రెంచితో ఆళ్లగడ్డకు తిరిగివచ్చి, బట్టల కొట్టు మీది గదిలో ఆదివారాలు పాఠాలు మొదలుపెట్టాడు. ఆళ్లగడ్డలో ఫ్రెంచి ఎవరికి కావాలప్పా అని ఊరంతా అడిగింది. మొదటి ఏడాది చేరింది పద్మప్రియ ఒక్కతే. ఆమె అతని దగ్గర నేర్చుకుని, అతనికన్నా శుద్ధంగా మాట్లాడి, చివరికి అతన్నే దిద్దడం మొదలుపెట్టింది. పెళ్ళయి నంద్యాలకు వచ్చాక, సంభాషణలు రికార్డు చేసిన రెండేళ్ళూ ఇంట్లో తగవే.

పరీక్ష కాగితాల మీద ఎ-వన్, ఎ-టూ, బి-వన్, బి-టూ అని ఉంటుంది. అతను మాత్రం ఒకటో దశ, రెండో దశ అనేవాడు. ఒక దశ పూర్తయితేగాని తర్వాతి దశ సంభాషణలు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ముందే ఇస్తే ముందే బట్టీ పడతారని అతని భయం. అందువల్ల ఇప్పుడు ఎవరి ఫోనులో ఉన్నా వాళ్ళు చదివినంతవరకే ఉంటాయి.

పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులో మూడువందల పైచిలుకు మంది ఉన్నారు. సార్ గొంతుతో ఉన్న సంభాషణలు ఎవరి దగ్గర ఉన్నా దయచేసి పంపమని ఆమె రెండుసార్లు దిద్దుకుని రాసింది. గంటలో నలభై నమస్కారాల బొమ్మలు వచ్చాయి. ఒకరు పూలగుత్తి పెట్టారు. ఇద్దరు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు. ఒకడు, మేడమ్ ఎలాగూ గుంపులోకి వచ్చారు కదా అని, ఈసారి పరీక్షలో ఏ ప్రశ్నలు వస్తాయో చెప్పమన్నాడు. గురువారానికి ఒకే సంభాషణ ఇరవై ఏడుసార్లు వచ్చింది. అది కూరగాయల దుకాణం.

ఇంటర్‌లో ఫ్రెంచి తీసుకునేది ఫ్రెంచి కోసం కాదు, మార్కుల కోసం. కాబట్టి ఒకటో దశ అందరి దగ్గరా ఉంటుంది. పేరు, ఊరు, ఇంట్లో ఎందరు, గంట ఎంత, కిలో ఎంత. కూరగాయల దుకాణంలో యదునందన్ అమ్మేవాడు, ఆమె కొనేది. రాసుకున్న కాగితం ప్రకారం అతను టమాటాలు తూచి వీడ్కోలు చెప్పాలి. అతను తూచి, రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేశానమ్మా అని చక్కటి ఫ్రెంచిలో అన్నాడు. ఆమె రికార్డింగు ఆపేసి, పారిస్‌లో ఎవరూ కొసరు వేయరని చెప్పింది. వేయకపోతే వాళ్ళకు వ్యాపారం తెలియనట్టేనని అతను అన్నాడు. ఆ కొసరు అలాగే ఉండిపోయింది. ఆనాటి నుంచి నంద్యాల పిల్లలు పరీక్షల్లో ఫ్రెంచి దుకాణదారులను కొసరు అడుగుతూనే ఉన్నారు. అర్చన అనే అమ్మాయి కరివేపాకు కూడా అడిగింది. ఆ ఏడాది పద్మప్రియ ఇంట్లో రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

శనివారానికి ఒకటో దశ పన్నెండూ చేతికొచ్చాయి.

రెండో దశలో నిన్న జరిగింది చెప్పడం నేర్చుకుంటారు. ఎక్కడికి వెళ్ళాం, ఏం తిన్నాం, నొప్పి ఎప్పటి నుంచి, బస్సు ఎందుకు తప్పిపోయింది. మార్కులతో ఆగకుండా అక్కడిదాకా వచ్చినవాళ్ళు పదహారు మంది. సగం మంది ఫోను మారిందన్నారు. మిగతావాళ్ళలో చాలామంది అసలు పలకలేదు. ఆళ్లగడ్డ బుడేన్ మాత్రం తానే ఫోను చేసి రమ్మన్నాడు.

బుడేన్ అహోబిలంలో జీపు నడుపుతాడు. విదేశీ యాత్రికులు వస్తే పనికొస్తుందని నలభై ఏళ్ళ వయసులో యదునందన్ దగ్గర చేరాడు. ఆదివారం ఆమె ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి జీపు బస్టాండు ఎదురుగానే ఉంది. వెనక ఇద్దరు ముసలమ్మలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. సంభాషణలు జీపులో పాటల పెన్‌డ్రైవులో ఉన్నాయని చెప్పి బుడేన్ మీట నొక్కాడు. ఒక డప్పు పాట అయిపోయింది. ఆ వెంటనే యదునందన్ మాట్లాడటం మొదలుపెట్టాడు.

పద్మప్రియ జీపు తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏందప్పా ఈ మంత్రాలు?" వెనక నుంచి ఒక ముసలమ్మ అడిగింది.

"మంత్రాలు కాదులేమ్మా. మా సార్‌కు కడుపునొప్పి, డాక్టరుకు చెప్పుకుంటాండాడు."

"ఎవరా డాక్టరు?"

"ఈ మేడమే."

ముసలమ్మ పద్మప్రియను ఎగాదిగా చూసి, మందు ఇచ్చినావా తల్లీ అని అడిగింది. ఇచ్చానని పద్మప్రియ చెప్పింది.

పెన్‌డ్రైవులో తొమ్మిదే ఉన్నాయి. మిగతా మూడూ ఏమయ్యాయని అడిగితే బుడేన్ నేల చూపులు చూశాడు. పాటలు పట్టక తీసేశాడట. ఇన్ని పాటలుండగా వాటినే ఎందుకు తీశావని ఆమె కాస్త గట్టిగానే అడిగింది.

"వాటిల్లో సార్ తక్కువ మాట్లాడతాడు మేడమ్. అంతా మీరే."

పెన్‌డ్రైవు పీకి ఇమ్మని ఆమె చెయ్యి చాచింది. తొమ్మిదీ ఎక్కించుకుని తిరుగు బస్సు ఎక్కింది.

మూడో దశకు నలుగురే వచ్చారు. మన అభిప్రాయం చెప్పడం, కారణం చెప్పడం, ఫిర్యాదు చేయడం అందులో పని. డోన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న శ్రీవల్లి పాత ఫోను వెతికి ఐదు పంపింది, మిగతావాళ్ళ దగ్గర ఏవీ మిగల్లేదు. ఒకదాంట్లో యదునందన్ అద్దెకున్నవాడు, పద్మప్రియ ఇంటి యజమానురాలు. కొళాయిలో నీళ్ళు రావడం లేదని అతను ఫిర్యాదు చేయాలి. అది వదిలేసి ఒక నిమిషంపాటు ఆమె ఆరోగ్యం, మోకాళ్ళ నొప్పులు, పిల్లల చదువులు అన్నీ అడిగాడు. ఫిర్యాదుకు రండి అని ఆమె విసుక్కున్నది కూడా అందులో రికార్డయింది, తెలుగులోనే. నీళ్ళు రాకపోతే మాత్రం మనిషి మంచీచెడ్డా అడగొద్దా అన్న అతని జవాబు కూడా.

ఇక నాలుగో దశ. అక్కడికి చేరింది నజ్మా ఒక్కతే.

నజ్మా వాళ్ళ నాన్నకు నంద్యాలలో గాజుల కొట్టు. ఆమె ఇంటర్ చదివి ఆరేళ్ళయింది. పగలు కొరియర్ ఆఫీసులో పని, బుధవారం మధ్యాహ్నాలు పద్మప్రియ ఇంట్లో ఫ్రెంచి. మార్చిలో హైదరాబాదులో బి-టూ పరీక్ష రాయాలి. అది గట్టెక్కితే అనువాదాల కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తానంది. ఇంట్లో నలుగురికీ కలిపి ఒకటే ఫోను కాబట్టి ఆమె నాలుగో దశ సంభాషణలను కాలేజీ గదిలోనే కూర్చుని వినేది. ఫోనులోకి ఎక్కించుకోలేదు.

"నా కాడ లేవు మేడమ్. వచ్చు."

"వచ్చంటే?"

"నోటికి వచ్చు."

క్లాసులో ఫోన్లు ఉండాలా వద్దా అనే సంభాషణ మొదలుపెట్టింది. ఉండాలని పద్మప్రియ వాదం, వద్దని యదునందన్ వాదం. నాలుగు నిమిషాలదీ నజ్మా ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది. యదునందన్ మాట వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగి, గొంతు సవరించుకుని, వాక్యం చివర కొద్దిగా సాగదీసింది. ఎగతాళికి కాదు. ఆ వాక్యం అలాగే ఉంటుందని ఆ పిల్ల అనుకుంటోంది.

పద్మప్రియకు మండుకొచ్చింది. పదిహేనేళ్ళుగా బట్టీ మీద ఆమె చేస్తున్న యుద్ధం నాలుగో దశలో కూడా ఓడిపోయిందన్నమాట.

"నాలుగో దశలో ఏం నేర్చుకోవాల?"

"ఎదుటివాళ్ళ మాటలో నిజం ఒప్పుకుంటానే మన మాట నిలబెట్టుకోవాల."

"నువ్వు నిలబెట్టింది సార్ మాట. నీ మాట యాడుంది?"

"నాకు సార్ మాటే బాగుంటుంది మేడమ్," అంది నజ్మా. "ఇంకోసారి చెప్పేదా?" అని అడిగింది.

వద్దనాలని పద్మప్రియకు తెలుసు. చెప్పమంది.

ఆ మధ్యాహ్నం మూడుసార్లు చెప్పించుకుంది. పైవారం ఇంకో మూడు సంభాషణలు. ఆ పైవారం నాలుగు. ఇంకా చెప్పవలసినవి తగ్గేకొద్దీ బుధవారాలు తొందరగా వస్తున్నట్టు ఆమెకు అనిపించింది. నజ్మా కళ్ళు మూసుకుని చెప్పేది. పద్మప్రియ ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని వినేది. పెన్ను మూత తీయలేదు. నాలుగో బుధవారంతో పన్నెండూ అయిపోయాయి. మొదటిది మళ్ళీ చెప్పమని పద్మప్రియ అడిగింది. నజ్మా కళ్ళు తెరిచింది.

"మేడమ్, కోప్పడొద్దండి. పరీక్షలో ఇవి అడగరు కదా."

"అడగరు."

"నాలుగు వారాలాయె, మీరు నన్ను ఒక్క తప్పు దిద్దలే."

పద్మప్రియ పెన్ను వంక చూసుకుంది. అది నిజం. అప్పజెప్పే మాటల్లో తప్పులుండవు. ఆ పిల్ల నాలుగు వారాలుగా తన సొంత వాక్యం ఒక్కటి కూడా మాట్లాడలేదు. తానే మాట్లాడనివ్వలేదు.

మర్నాడు కాలేజీలో ఆమె రెండు నిర్ణయాలు చేసుకుంది. దొరికిన ఇరవై ఆరింటినీ మూడుచోట్ల దాచాలి. నాలుగో దశ పన్నెండూ నజ్మాతో కూర్చుని కొత్తగా రికార్డు చేయాలి. నజ్మా తన మాటలు తాను చెప్పాలి, పాత వాక్యం ఒక్కటి వచ్చినా ఆపేయాలి. ఎదుటివైపు, యదునందన్ కుర్చీలో, పద్మప్రియ కూర్చోవాలి.

బుధవారం బల్ల మీద ఫోను పెట్టి మీట నొక్కారు. నజ్మా మొదలుపెట్టింది. తమ ఇంట్లో ఫోను ఒకటే కాబట్టి క్లాసులో ఫోను వద్దనేవాళ్ళ మాట తనకు అర్థమవుతుందని, కానీ ఆ ఒక్క ఫోనులో పదాలు వెతుక్కోకపోతే తాను ఈ భాష దాకా వచ్చేదే కాదని చెప్పింది. మొదటి వాక్యంలోనే మూడు తప్పులు. వాక్యం మాత్రం ఆమెదే. చెప్పి, జవాబు కోసం చూసింది.

పద్మప్రియ జవాబు ఇవ్వాలి. నోరు తెరిస్తే యదునందన్ చెప్పిన వాక్యమే వచ్చింది, సాగదీతతో సహా. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారి ఆమె ఏమీ అనలేదు. ఫోనులో అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

"సార్ మాట వచ్చినాది మేడమ్," అంది నజ్మా మెల్లగా. "మీరే ఆపేయమన్నారు."

పద్మప్రియ రికార్డింగు ఆపి తుడిచేసింది. నజ్మా చేసిన మూడు తప్పులనూ ఎర్ర పెన్నుతో కాగితం మీద రాసి, వివరించి, ఆ కాగితం చేతికిచ్చి పంపింది.

అది డిసెంబరు మొదటి బుధవారం. తర్వాత ఇంకో రెండు బుధవారాలు గడిచాయి. నజ్మా తప్పులు మూడు నుంచి రెండుకు దిగాయి. పద్మప్రియ నోట మాత్రం ఇంకా యదునందన్ వాక్యమే వస్తోంది. పరీక్ష మార్చి పద్నాలుగున. నాలుగో దశ సంభాషణల్లో ఒక్కటీ ఇంకా రికార్డు కాలేదు.