కాడ కోసిన చెయ్యి

మునిరామయ్య అంటు కడితే పట్టకపోవడమనేది లేదు. చిత్తూరు నుంచి దామలచెరువు పోయే రోడ్డు మీద ఆయన నర్సరీ ముందు ఆగని మామిడి రైతు లేడు. తడ సరిహద్దు అవతలి నుంచి అరవ వ్యాపారులు కూడా వచ్చి, మునిరామయ్య చెయ్యి పడిన మొక్కే కావాలని పట్టుబట్టి తీసుకెళ్ళేవాళ్ళు. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత పాడుది. ఆ నోట్లో, ఎడమ బుగ్గన, పొగాకు ఉండ ఒకటి ఏళ్ళ తరబడి కాపురం ఉండేది. దాన్ని నాలుకతో అటూ ఇటూ నెట్టుకుంటూ మనుషుల్ని తిట్టేవాడు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది కన్నకొడుకు ఢిల్లీబాబు.

ఢిల్లీబాబు చేతిలో అంటు పట్టేది కాదు. తండ్రి చేసినట్టే చేసేవాడు పాపం. టెంక మొలిచిన మొక్కను కుండీతో సహా తల్లిచెట్టు కొమ్మ దగ్గరికి చేర్చి, రెంటికీ ఒక పక్క బెరడు చెక్కి, పచ్చికి పచ్చి ఆనించి పట్టీ చుట్టేవాడు. రెండూ కలిసిపోయాక తల్లిచెట్టు నుంచి కొమ్మను కోసేస్తే కొత్త మొక్క తన బతుకు తాను బతకాలి. వీడివి బతికేవి కావు. ఎండిపోయిన మొక్కనల్లా తండ్రి పెరికి తెచ్చి వీడి మంచం కోడుకు కట్టేవాడు. పెళ్ళయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. కోడలు రూపశ్రీకి ఏళ్ళు గడిచినా కడుపు పండకపోతే, ఒకరోజు అన్నాల దగ్గర అందరూ వింటుండగా అన్నాడు.

"వీని చెయ్యి పడితే చెట్టుకైనా అంతే, పెండ్లానికైనా అంతే. యాడా పట్టదు."

రూపశ్రీ కంచం వదిలి లేచిపోయింది. ఢిల్లీబాబు మాత్రం తల వంచుకుని పూర్తిగా తిన్నాడు. తండ్రి ముందు అన్నం వదిలేసి లేచేంత ధైర్యం వాడికెక్కడిది?

అలాంటి మనిషికి బుగ్గలో పుండు లేచింది. మొదట పొగాకులో సున్నానికి పొక్కిందన్నాడు. తర్వాత పన్ను గీసుకుందన్నాడు. నోరు వేలెడైనా తెరుచుకోని రోజు వచ్చాక తిరుపతి ఆసుపత్రికి తీసుకెళితే, క్యాన్సర్ గడ్డ అన్నారు, చెంప మొత్తం తీసేయాలన్నారు. తీసేసిన చోట కొత్త చెంప కట్టే డాక్టరు పేరు వకుళ. తిరుచానూరు మనిషి. ముసలాయన పని ఏమిటో తెలుసుకుని, ఆయన భాషలోనే చెప్పాలని ఆమెకు ముచ్చటేసింది.

"పెద్దాయనా, మీరు మామిడికి అంటు కడతారట కదా. మేము చేసేదీ అదే. మీ ఛాతీ మీది చర్మాన్ని పట్టీలాగా లేపి, పై కొస తెచ్చి చెంపలో కుడతాం. కింది కొస ఛాతీకే ఉంటుంది. మూడు వారాలకు చెంప పట్టుకుంటుంది. అప్పుడు మధ్యలో కాడ కోసేస్తాం."

మునిరామయ్య కళ్ళు మెరిశాయి. "ఈ పాపకు పని తెలుసురా," అన్నాడు కొడుకుతో. ఒకరి పనిని ఆయన మెచ్చుకోవడం ఢిల్లీబాబు వినడం అదే మొదలు. నలభై ఏళ్ళ కొడుక్కు దొరకని మాట, అరగంట మాట్లాడిన డాక్టరమ్మకు దొరికింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఛాతీ మీది నుంచి చెంప దాకా గుండ్రంగా చుట్టిన చర్మపు కాడ ఒకటి మెడ పక్కన వేలాడుతూ మిగిలింది. తల ఎడమకు ఒరిగిపోయింది. ముక్కులో గొట్టం, ఆ గొట్టంలోంచి రాగిజావ. మంచం మీద పడి ఉండనని ముసలాయన పట్టుబట్టి, మాట వినక, ఇంటికి ప్రయాణం కట్టాడు. బయలుదేరే ముందు వకుళ ఢిల్లీబాబును పక్కకు పిలిచింది.

"చెంప ఎర్రగా కనబడుతుంది. గీరితే రక్తం వస్తుంది. అది చూసి పట్టేసిందనుకోవద్దు. ఆ రక్తం ఈ కాడలోంచే పోతోంది. ఇప్పుడు చెంపకు అన్నం పెట్టేది కాడే. మేము దాన్ని బిగించి పట్టుకుని చూస్తాం, చెంప రంగు మారకపోతేనే కోస్తాం. మీ నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పండి."

కారులో చెప్పబోయాడు. "నాయనా, ఆ కాడ సంగతి డాక్టరమ్మ ఏమన్నాదంటే..."

"అంటు గురించి నాకు నువ్వు సెప్తావా?" అన్నాడు ముసలాయన, కుట్లు పడిన నోటితో, ముద్దముద్దగా. మాట ఎంత ముద్దగా వచ్చినా తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చింది. ఢిల్లీబాబు ఇంటికి పోయాక నిదానంగా చెబుదామనుకున్నాడు గానీ చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పాలన్న ఆత్రం కూడా తగ్గింది.

అది అంట్లు కట్టే కాలం. తువ్వాలు కప్పుకుని, ఒరిగిన తలతో, మునిరామయ్య షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పనికి వచ్చిన ఆడవాళ్ళు ఆయన వైపు చూడకుండా పట్టీలు చుట్టేవాళ్ళు. ఒకరోజు పాత అరవ వ్యాపారి వచ్చాడు. తువ్వాలు జారి కాడ కనబడింది. ఆ మనిషి మొహం తిప్పుకుని, ఈ సారి అంట్లు ఎవరు కడుతున్నారని ఢిల్లీబాబునే అడిగాడు. "నేనే," అన్నాడు వీడు. వ్యాపారి మళ్ళీ వస్తానని చెప్పి వ్యాను ఎక్కాడు. మళ్ళీ రాడని అందరికీ తెలుసు.

మునిరామయ్య ఆ రాత్రి నిద్రపోలేదని ఆయన భార్య సుబ్బులమ్మ చెప్పింది. తెల్లారి షెడ్డులోకి వచ్చి అద్దం తెమ్మన్నాడు. కొత్త చెంపను గోటితో గీరాడు, కొమ్మ బెరడు గీరి పచ్చి ఉందో లేదో చూసినట్టు. ఎర్రగా రక్తం పొడిచింది.

"పట్టేసింది," అన్నాడు. "కోసెయ్యండి."

ఆయన జీవితంలో రోజులు లెక్కపెట్టి అంటు కోసిన పాపాన పోలేదు. గీరి చూడడమే ఆయన లెక్క. అది ఎన్నడూ తప్పలేదు కూడా. పనివాళ్ళలో అందరికంటే పాత మనిషి చంద్రకాంతమ్మకు కత్తి అందించబోతే ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"నా వల్ల గాదప్పా. ఆసుపత్రిలోనే కోయించుకో."

"తల ఎత్తి నాలుగు అంట్లు కట్టుకుంటే గానీ ఈడ కూడు లేదు. వాళ్ళు పిలిచేదాకా కూర్చోవాల్నా?" ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఇట్లా రారా."

"సోమవారం రమ్మన్నారు నాయనా. ఇంకా టైముండాది," అన్నాడు ఢిల్లీబాబు.

"ఎట్లాగూ కట్టేది రాదు నీకు. కోసేదన్నా రాదా?"

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వు ఆపుకోలేక దగ్గారు. వాకిట్లో ముగ్గేస్తున్న రూపశ్రీ తలెత్తి చూసింది.

ఆ కాడలోంచే చెంపకు రక్తం పోతోందన్న ఒక్క మాట ఢిల్లీబాబు నాలుక చివర ఉంది. ఆ మాటతో ముసలాయన చెంప నిలిచేది. ఎంత తిట్టినా, మొండికేసినా, డాక్టరమ్మ మాట అంటే ఆగేవాడు. ఆమె పని తెలిసిన మనిషని ఆయనే అన్నాడు కదా. వాడికి ఇదంతా తెలుసు. తెలిసే మింగేశాడు. అంటు కత్తి తీసుకున్నాడు. చెయ్యి వణకలేదు. వణకనందుకు వాడికే ఆశ్చర్యమేసింది, ఆ వెనకే సంతోషమూ వేసింది.

కాడ మెత్తగా తెగింది. నొప్పి లేదన్నాడు తండ్రి. ఛాతీ వైపు కొస నుంచి రక్తం కారితే, ఢిల్లీబాబు అలవాటుగా మొక్కలకు చుట్టే పట్టీ తీసి బిగించి కట్టాడు. మునిరామయ్య మెడ నిలబెట్టి చుట్టూ చూశాడు. ఆ పూటే కూర్చుని బేనీషా మామిడి అంట్లు కట్టాడు. సుబ్బులమ్మ మాత్రం విషయం తెలిసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది.

మర్నాటికి చెంప నీలంగా తిరిగింది. ఆ మర్నాటికి నల్లబడింది. తర్వాత వాసన మొదలైంది.

తిరుపతిలో వకుళ కట్టు విప్పింది. చచ్చిన చర్మం అంతా తీసేయాల్సి వచ్చింది. చెంప ఉండాల్సిన చోట పెద్ద కంత మిగిలింది. పక్క నుంచి చూస్తే దవడ పళ్ళు కనబడుతున్నాయి. మళ్ళీ చెంప కట్టాలంటే ఇంకో పెద్ద ఆపరేషన్ కావాలని, దాన్ని తట్టుకునే బలం ఆయన ఒంట్లో లేదని, గడ్డ మళ్ళీ రాకుండా ముందు రేడియేషన్ కరెంటు పెట్టించాలని, ఆ తర్వాత సంగతి తనకూ తెలియదని ఆమె చెప్పింది. ఇక ఇలాగే ఉండిపోవాల్సి రావచ్చంది.

"ఎవరు కోశారు దీన్ని?" అని అడిగింది చివరకు. గొంతులో కోపం దాచుకోలేదు.

మునిరామయ్య కంత మీద గుడ్డ పెట్టి అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే గానీ మాట బయటికి రాదు.

"వీడే. నేను గీరి సూసి, పట్టినాకనే కోయమన్నాను. నా లెక్క తప్పలేదమ్మా. వీని చెయ్యి పడింది, సచ్చింది. వీని చేతిలో ఏ అంటు బతికింది గనక?"

ఢిల్లీబాబు ఇన్నాళ్ళూ భయపడింది ఇంకో మాటకు. నా కొడుకే కావాలని నా చెంప పోగొట్టినాడని తండ్రి అంటాడనుకున్నాడు. లోపల ఎక్కడో ఆ మాట కోసమే ఎదురు చూశాడు కూడా. చివరకు అదీ దక్కలేదు.

"చెయ్యి వల్ల గాదు నాయనా," అన్నాడు, డాక్టరమ్మ వింటుండగానే. "ఆ కాడ నుంచే రక్తం పోతా ఉండాదని నాకు ముందే సెప్పినారు. కోస్తే సచ్చిపోతాదని తెలుసు. తెలిసే కోసినాను."

వకుళ కుర్చీలోంచి సగం లేచింది. మునిరామయ్య కొడుకును ఎగాదిగా చూశాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. గుడ్డ జారిపోయి, ఆ నవ్వు కంతలోంచి గాలిగా, చొంగగా బయటికి వచ్చి చొక్కా మీద పడింది. మళ్ళీ గుడ్డ వెతికి అదిమి పట్టుకున్నాడు.

"నీకంత తెలివి యాడిదిరా," అన్నాడు. "తుడువు."

ఢిల్లీబాబు తువ్వాలు తీసి తుడిచాడు.