తబూక్ క్యాంపుల చేతులెత్తిన దినం

తొంభై ఒకటి జనవరిల ఇరాక్‌తోని లడాయి మొదలైనప్పుడు సౌదీల తబూక్ కాడ మేం డెబ్బై ఇద్దరం ఒకటే క్యాంపుల ఉంటుంటిమి. మిలిటరీకి బ్యారక్‌లు కట్టే పని. మా ఇంజినీర్ కార్వర్ అమెరికా ఆయన. మంచోడే. చాయ్ తాగుకుంట తన ఊరి ముచ్చట్లు చెప్పేటోడు. కడప నుంచి వచ్చిన డ్రైవర్ ఫక్రుద్దీన్ వాటిని మాకు తెలుగుల చెప్పేటోడు.

"ఇంగ్లండు రాజు ఏలేటప్పుడే వీళ్ల ఊర్లో జనం ఒక హాల్లో కూడి చేతులెత్తి తీర్మానం చేసేవాళ్లంట. రోడ్డు యాడ ఎయ్యాల, పశువులు యాడ మేయాల, అన్నీ వాళ్లే."

మేస్త్రీ నాగేందర్‌ది ఆర్మూర్ దిక్కు. నా పక్క మంచమే. "అందరు ఎత్తేటోళ్లా? కూలోళ్లు గూడ?" అని అడగమన్నడు.

కార్వర్ నవ్విండు. మొదలు చర్చిల చేరినోళ్లేనట. తర్వాత భూములున్నోళ్లు. ఆడోళ్లకు, బానిసలకు లేదట. మెల్లగ అందరికి వచ్చిందట.

"మెల్లగ అంటే?"

"రెండు వందల ఏండ్ల పైనే అంట" అన్నడు ఫక్రుద్దీన్.

వారం తిరగకముందే సైరన్లు మొదలైనయి. గ్యాసు బాంబులు పడ్తయన్నరు. ఇంజినీర్లకు, ఆఫీసోళ్లకు మాస్కులిచ్చిన్రు. మమ్ముల తడి తువ్వాల మూతికి కట్టుకోమన్నరు.

శుక్రవారం నాగేందర్ మెస్సుల బల్లెక్కిండు. "మాస్కులు అడుగుదామా, వద్దా? అడుగుదామన్నోళ్లు చేతులెత్తున్రి."

అరవై ఒక్క చేతులు లేచినయి. నేనే లెక్కవెట్టిన. అందరి తరఫున మాట్లాడెతందుకు నాగేందర్‌నే ఎన్నుకున్నం. దర్వాజ కాడ నిలవడ్డ కార్వర్ చప్పట్లు కొట్టిండు. ఆ పూట అన్నం గూడ గట్టిగ మాట్లాడుకుంట తిన్నం.

తెల్లారి నాగేందర్, ఫక్రుద్దీన్‌ను తోడు తీసుకోని కంపెనీ మేనేజర్ దగ్గరికి పోయిండు. సాయంత్రం మేనేజరే మెస్సుకొచ్చిండు. వెనక కార్వర్, భుజానికి మాస్కు సంచి.

"ఈ దేశంల గుంపు కూడుడే నేరం. మీకు వీసాలిచ్చిన కఫీల్‌కు తెలిస్తే పోలీసులొస్తరు" అన్నడు మేనేజర్ హిందీల. "ఇతను మీ అందరి తరఫున వచ్చినంటున్నడు. నిజమైతే చేతులెత్తున్రి."

ఒక్కడు గూడ ఎత్తలే. నేను నా చేతులు తొడల కింద పెట్టుకున్న.

"ఎల్లన్నా, నువ్వే గద లెక్కవెట్టినవు?" అన్నడు నాగేందర్.

నేను పళ్లెం దిక్కు చూసిన. కార్వర్‌కు అన్నీ తెలుసు. ఆయన మాస్కు సంచి భుజం మీద సదురుకోని బయటికి పోయిండు.

నాగేందర్‌ను ఆ దినమే పనిల నుంచి తీసేసిన్రు. లడాయి ఆగి విమానాలు తిరుగంగనే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపిన్రు. మా మాస్కులు అటెన్క నెలకు వచ్చినయి. ఆ డబ్బాలు మేమే దింపి స్టోర్ల పెట్టినం.

రెండేండ్లకు కంపెనీ కార్మికుల కమిటీ అని ఒకటి పెట్టింది. మేనేజర్ కాయితం చూసి అయిదు పేర్లు చదివిండు. అందుల నాదొకటి. నేను లేచి దండం పెట్టిన.

చుట్టీకి ఇంటికి వచ్చినప్పుడు ఆర్మూర్ పోయిన. నాగేందర్ ఎవలిదో ఇంటి గోడకు సిమెంటు పూస్తున్నడు. ఏం మాట్లాడాల్నో తెల్వక కమిటీ సంగతి చెప్పిన.

"ఎవలు ఎన్నుకున్నరే నిన్ను?" అన్నడు.

"మేనేజర్."

చెంబుతోని నీళ్లిచ్చిండు. తాగి, బస్సుకు యాళ్లయితుందని చెప్పి వచ్చిన.