రాగి పలకలకు బూడిద

తేజస్ సార్ అంటే నాకు మొదటి రోజు నుంచీ పడదు. "మీ చేవెళ్ళవాళ్ళు" అని మొదలుపెట్టకుండా తిట్టడం ఆయనకు చేతకాదు. కనకమామిడి ఊరు దాటాక పాడుబడ్డ క్వారీ అడుగున, నేలలోకి తవ్వి కట్టిన మా ప్రయోగశాలకు ఆయన అధిపతి. నేను కాంట్రాక్టు టెక్నీషియన్‌ను.

మా పని సంగతి చెబితే ఊళ్ళో నవ్వుతారు. రాయి, మట్టి, గాలి, చివరికి మన ఒళ్ళు కూడా కంటికి కనబడని కిరణాలను వదులుతూనే ఉంటాయి. వాటి బాధ లేని చోట ఒక స్ఫటికాన్ని ఉంచి, ఆకాశం అవతలి నుంచి ఎప్పుడో వచ్చే కణం కోసం కాచుకోవాలి. ఆకాశం నుంచి కురిసే మిగతా కిరణాలను ఆపడానికే భూమి లోపల చేరాం. చుట్టూ ఉన్న రాతి కిరణాలు తగలకుండా స్ఫటికం చుట్టూ రాగి పలకల పెట్టె, దాని చుట్టూ సీసం ఇటుకలు. ఇక్కడ నెగ్గితేనే పరికరం లోతైన గనిలోకి వెళ్తుంది.

పరికరాన్ని గనికి పంపాలో వద్దో తేల్చే కమిటీ వచ్చే ముందురోజు సార్ ఆ పెట్టె విప్పించాడు. పలకలు నల్లబడ్డాయి. వాటిని ఆమ్లంతో కడగడం నా పని. పక్కనే ఉన్న నన్ను వదిలేసి, ఊడ్చే పద్మమ్మను పిలిచాడు.

"ఇవేంటి ఇంత నల్లగా? సాయంత్రానికల్లా తళతళలాడాలి. ఎలా చేస్తావో నాకు తెలీదు."

"మెరిపిస్త సార్," అంది పద్మమ్మ.

ఆమె నాకు పెద్దమ్మ వరస. ఆ ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. క్రిస్మస్‌కు ముందు మా చర్చి ఇత్తడి పళ్ళేలను చింతపండు, పొయ్యి బూడిద వేసి తోమేది ఆమే. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మెట్లు దిగుతూ, "జర జరుగు బిడ్డా," అంది. డబ్బాలో కట్టెల బూడిద. బూడిదలో పొటాషియం ఉంటుంది, అదీ కిరణాలు వదిలేదే. పలకల సందుల్లో చిటికెడు మిగిలినా మా కొలతలు మట్టికొట్టుకుపోతాయి.

నేను జరిగి దారిచ్చాను. రేపు అందరి ముందూ సార్ ముఖం మాడిపోవాలి, అంతే అనుకున్నాను.

మాడిపోయింది కూడా. తెరమీద కిరణాల లెక్క చూపే గీత పైకి లేచింది. గని మాట ఎత్తకుండానే కమిటీ కార్లెక్కింది. నా సంతోషం అరగంట నిలిచింది.

సార్ పద్మమ్మను పిలిపించాడు. "బూడిద పూయమని ఎవడు చెప్పాడు నీకు? రెండేళ్ళ పని నాశనం చేశావ్. రేపట్నుంచి రాకు."

"మెరవాలంటిరి గద సార్. మా చర్చి పళ్ళేలు గిట్లనే తోముత." ఆమె ఏడుస్తోంది. చింతపండు పులుపుకు ఆమె వేళ్ళు పగిలి ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్లయింది.

"ఆమె తప్పేం లేదు సార్. బూడిద తెస్తుంటే నేను చూసిన. ఖరాబైతదని ఎరుకే. కావాల్నని చెప్పలే. తీసేస్తే నన్ను తీసెయ్యుండ్రి."

సార్ నన్ను ఇంగ్లీషులో తిట్టాడు. ఆ తర్వాత, "నువ్వుండు పద్మమ్మా, ఈమెనే పంపిస్తా," అన్నాడు.

పద్మమ్మ ఏడుపు ఆగింది. నా వైపు తిరిగింది.

"నీకు ఎరుకేనా?"

"సార్ మీది కోపంతోని, పెద్దమ్మా..."

"ఆయనకు నేనెవరో తెల్వదు, తిట్టిండు. నీకు తెల్వదా నేనెవరో?"

మెడలోని గుర్తింపు కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "నాకొద్దు సార్," అని మెట్లెక్కింది. పెద్దమ్మా అని పిలిచాను. ఆమె ఆగలేదు.